925 ముద్ర, హాలీ రూపాయి, కొంచెం లెక్క

వెండి వస్తువు మీద 925 అని కనిపిస్తే చాలు, మనవాళ్ళు కళ్ళు మూసుకుని నమ్మేస్తారు. స్టెర్లింగ్ అంటే వెయ్యి పాళ్ళలో 925 పాళ్ళు వెండి, మిగతాది ఎక్కువగా రాగి. అంతవరకూ బానే ఉంది. ఇంతకీ ఆ అంకె కొట్టిందెవరు?

ఇంగ్లండులో 1300లోనే దీనికి చట్టం చేశారు. పరీక్షలో నెగ్గిన వెండికి చిరుత తల ముద్ర. 1478 నుంచి ఏ ఏడాది పరీక్షించారో చెప్పే అక్షరం, 1544 నుంచి నడిచే సింహం బొమ్మ. వస్తువు చేసేవాడు ఒకడు, పరీక్షించేవాడు ఇంకొకడు. మన భాషలో చెప్పాలంటే, కోడ్ రాసినవాడే టెస్టింగ్ చేసి సైనాఫ్ ఇచ్చుకోకూడదు.

ఆ ఇంగ్లీషు వాళ్ళే మన దేశంలో ఇలాంటి వ్యవస్థ పెట్టలేదు. మద్రాసులో పి. ఆర్ అండ్ సన్స్ లాంటి పేరున్న కంపెనీ వెండి మీద కూడా ఉండేది వాళ్ళ సొంత ముద్రే. మరి హైదరాబాదులో గుల్జార్ హౌజ్ చుట్టుపక్కల వెండి కొనేవాళ్ళకి భరోసా ఏమిటి? ఒకటి గీటురాయి. రెండోది జేబులో రూపాయి!

నిజాం టంకశాల 1803లో పాతబస్తీలోని సుల్తాన్‌షాహీలో మొదలైంది. 1903లో సైఫాబాదుకి, 1997లో చర్లపల్లికి మారింది. చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయి మహబూబ్ అలీ ఖాన్ కాలంలో వచ్చింది. బొమ్మలో కమాను కింద ఉర్దూ 'మీమ్' అక్షరం ఉంటే మహబూబ్ కాలంది, 'ఐన్' ఉంటే 1911 తర్వాత వచ్చిన ఉస్మాన్ అలీ ఖాన్ కాలంది. దీన్ని హాలీ సిక్కా అనేవాళ్ళు. బ్రిటిష్ రూపాయి పేరు కల్దార్.

ఇప్పుడు లెక్క చూడండి. కల్దార్ బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా ఒక తులం (ఇవాళ మన షాపుల్లో చెప్పే 10 గ్రాముల తులం కాదు). స్వచ్ఛత 91.7 శాతం, స్టెర్లింగుకి వెంట్రుకవాసి తక్కువ. అసలు వెండి 10.69 గ్రాములు. హాలీ రూపాయి బరువు 11.18 గ్రాములు, స్వచ్ఛత 81.8 శాతం. అసలు వెండి 9.14 గ్రాములు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే దాదాపు 1.17 వస్తుంది.

నిజాం సర్కారు మారకం రేటు ఎంతో తెలుసా? 100 కల్దార్లకి 116 రూపాయల 10 అణాల 8 పైలు. అంటే ఆరుకి ఏడు.. 1.167!

1893లో బ్రిటిష్ ఇండియా టంకశాలలు జనం తెచ్చిన వెండిని రూపాయలుగా కొట్టివ్వడం ఆపేశాక కల్దార్ విలువకీ అందులోని వెండికీ లంకె తెగింది, రేటు కూడా ఊగిసలాడింది. ఐనా చివరికి నిలబడిన నిష్పత్తి ఇదే. 1950లో భారత రూపాయి వచ్చినప్పుడూ ఇదే ఏడుకి ఆరు. హాలీ సిక్కా పూర్తిగా రద్దయింది 1959లో.

ఈ లెక్కంతా ఎందుకంటే, ఆ రోజుల్లో ఇంట్లో రూపాయలు కంసాలికిచ్చి కడియాలో పట్టీలో చేయించుకోవడం మామూలు. ఇచ్చింది హాలీ రూపాయలైతే, విడిగా శుద్ధి చెయ్యకపోతే, ఆ నగ 81.8 శాతం దాటదు. ఇవాళ నానమ్మ కడియాలు షాపుకి పట్టుకెళ్తే మెషీన్ 80 చూపిస్తుంది. 'కల్తీ అండీ' అంటాడు షాపువాడు. మనం ఇంటికొచ్చి ఎప్పుడో పోయిన కంసాలిని తిట్టుకుంటాం. పాపం ఆయన ఏమీ కలిపి ఉండకపోవచ్చు. అది సర్కారు పెట్టిన పాళ్ళే కావచ్చు.

అలాగని పాత రూపాయలన్నీ ఒకే రకం కాదు. బ్రిటిష్ రూపాయిని 1940లో 50 శాతానికి దించేశారు, 1947లో నికెల్ చేసేశారు. అంతెందుకు, స్టెర్లింగుకి పుట్టిల్లైన ఇంగ్లండే 1920లో తన వెండి నాణేల్ని 50 శాతానికి దించింది. అందుకే అన్నీ కలిపి ఒకే తూకం వేయిస్తే నష్టం. హాలీ, 1940కి ముందు కల్దార్, ఆ తర్వాతి కల్దార్.. మూడు కుప్పలు పెట్టి, ఒక్కోదానికీ బరువుని స్వచ్ఛతతో, ఆరోజు ధరతో గుణించండి. కొక్కెం అతికించని నాణేనికి సేకరించేవాళ్ళు లోహం ధర కన్నా ఎక్కువే ఇవ్వచ్చు, కరిగించే ముందు అడగండి. ఇక ఈ.పి.ఎన్.ఎస్. అని ఉంటే అది పైపూతే. జర్మన్ సిల్వర్లో అసలు వెండే ఉండదు.

కొత్త వెండికైతే 2025 సెప్టెంబరు 1 నుంచి బి.ఐ.ఎస్. హాల్‌మార్కుతో పాటు విడి గుర్తింపు సంఖ్య కూడా ఇస్తున్నారు. తప్పనిసరి కాదు గానీ, అడిగి తీసుకోండి. వాళ్ళ బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొట్టి చూసుకోవచ్చు. ఉత్త 925 అంకె మాత్రం అమ్మేవాడి మాట, అంతే.

నానమ్మ కడియాల మీద ఏ అంకే లేదు. కానీ వాటి వెనక ఒక టంకశాల ఉండి ఉండచ్చు. కరిగించేముందు ఆ సంగతి కూడా లెక్కలో వేసుకుంటే మంచిది.