తెలుగు బడుల్లో భాషా కృత్యాలు: చరిత్ర

వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం అలవడేందుకు తరగతిలో పిల్లలచేత చేయించే పనులను భాషా కృత్యాలు అంటారు. తెలుగునాట ఇవి వీధిబడుల కాలం నుంచే ఉన్నాయి. కాలక్రమంలో మారినవి ప్రధానంగా రెండు: చదువును దేనితో మొదలుపెట్టాలి, ఎవరి వేగంతో సాగించాలి.

వీధిబడి

పిల్లలు నేల మీద పరిచిన ఇసుకలో వేలితో అక్షరం దిద్దుతూ దాన్ని పైకి పలికేవారు. ‘కకు గుడిస్తే కి, కొమ్మిస్తే కు’ అంటూ గుణింతాన్ని రాగయుక్తంగా వల్లించేవారు. చెయ్యి, నోరు, చెవి మూడింటికీ ఒకేసారి పని ఉండేది. ఆ తర్వాత వత్తులు, పేర్లు, పద్యాలు, ఉత్తరాలు చదవడం వచ్చేవి.

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో విద్యపై వివరాలు కోరగా, మరుసటి ఏడు బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ నివేదిక పంపాడు. ఆ జిల్లాలోని 533 బడుల్లో 226 తెలుగువి. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు నేర్పే పద్ధతిని ఆయన మెచ్చుకున్నాడు. అర్థం తెలియకుండా పద్యాలు బట్టీపట్టించడాన్ని తప్పుపట్టాడు. అంతకుముందే మద్రాసులో ఇసుకరాతను చూసిన ఆండ్రూ బెల్ దాన్ని తన అనాథ పాఠశాలలో ప్రవేశపెట్టి, ఆ అనుభవంపై 1797లో లండన్‌లో పుస్తకం ప్రచురించాడు.

అచ్చు పుస్తకం, వాడుక భాష

పుదూరు సీతారామశాస్త్రి 1832లో బాలశిక్ష రాశారు. పెద్ద బాలశిక్షగా విస్తరించి తరతరాల పిల్లలకు అదే తొలి పుస్తకమైంది. ఇసుక స్థానంలో పలక, బలపం వచ్చాయి. చూచిరాత, ఉక్తలేఖనం రోజువారీ పనులయ్యాయి. అయితే వాచకంలోని గ్రాంథికం పిల్లల నోటి మాటకు దూరంగా ఉండేది. పర్లాకిమిడి ఉపాధ్యాయుడు గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) పాఠాలు వాడుక భాషలో ఉండాలని ఉద్యమించారు. సవర పిల్లల కోసం వారి భాషలోనే వాచకాలు తయారుచేశారు.

కృత్యాధార బోధన

బ్రిటన్ ఆర్థిక సాయంతో 1984లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ‘చేస్తూ నేర్చుకోవడం’, జట్టుపని, పరిసరాల వినియోగం, పిల్లలు చేసినవాటి ప్రదర్శన వంటి సూత్రాలను సర్కారు బడులకు తెచ్చింది. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ బడులు పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టాయి. పిల్లలు ‘నిచ్చెన’ పటంలో తామున్న మెట్టు చూసుకొని, తగిన కార్డు తీసుకొని తమ వేగంతో సాగుతారు. ఒకే టీచరు పలు తరగతులు చూసే బడికి ఇది బాగా అక్కరకొచ్చింది. 2003 తర్వాత తమిళనాడు ఈ నమూనాను తన బడుల్లో అమలుచేసింది.

వయోజన విద్యలోనూ పాఠం చర్చకు దారితీసింది. నెల్లూరు జిల్లా సాక్షరతా తరగతుల్లో చదివిన ‘సీతమ్మ కథ’ అనే పాఠం దూబగుంట గ్రామ మహిళలను సారాపై పోరాటానికి పురికొల్పింది. ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం అమల్లోకి వచ్చింది.

మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలన్న లక్ష్యంతో కేంద్రం 2021లో నిపుణ్ భారత్‌ను చేపట్టింది. అదే బాటలో తెలంగాణ 2022లో తొలిమెట్టును చేపట్టింది. అర్థం తెలియని వల్లెవేతపై క్యాంప్‌బెల్ ఎత్తిచూపిన లోపమే రెండు శతాబ్దాల తర్వాత ఈ పథకాలకూ ప్రధాన అంశమైంది.