బాయ్‌కాట్

ఒక వ్యక్తినో సంస్థనో ప్రభుత్వాన్నో దారికి తేవడానికి చాలామంది కలిసి వారితో ఇచ్చిపుచ్చుకోవడం మానేయడాన్ని బాయ్‌కాట్ అంటారు. ఈ మాట ఐర్లండ్‌లో 1880లో పుట్టింది, ఒక మనిషి ఇంటిపేరు నుంచి వచ్చింది. తెలుగులో దీన్ని సందర్భాన్ని బట్టి బహిష్కరణ, వెలి, సహాయ నిరాకరణ, విసర్జన అంటున్నాం. వీటన్నిటినీ పర్యాయపదాలుగా ఒకే వరుసలో పేర్చడం సులువే. కానీ ఈ మాట ఎక్కడ పుట్టిందో, తెలుగు నేల మీద ఏ దారుల్లో నడిచిందో చూస్తే ఇందులో రెండు విరుద్ధమైన అర్థాలు కలిసిపోయాయని తేలుతుంది. బలహీనులు బలవంతుడికి తమ శ్రమను ఆపేయడం ఒకటి. బలవంతులు బలహీనుల బతుకుతెరువును మూసేయడం రెండోది. రెంటిలో చేసే పని ఒకటే కావచ్చు, జరిగేది మాత్రం ఒకటి కాదు.

మేయో కౌంటీలోని లాఖ్ మాస్క్ సరస్సు దగ్గర లార్డ్ ఎర్న్ అనే భూస్వామికి చార్లెస్ కనింగ్‌హామ్ బాయ్‌కాట్ ఏజెంటు. కౌళ్లు వసూలు చేయడం, కట్టలేని వారిని ఖాళీ చేయించడం అతని పని. 1879లో పంటలు దెబ్బతిన్నాయి. ఆ ఏడాది అక్టోబరులో మైకేల్ డేవిట్ చొరవతో డబ్లిన్‌లో కౌలురైతుల తరఫున పోరాడే ల్యాండ్ లీగ్ ఏర్పడింది. 1880లో లార్డ్ ఎర్న్ కౌలులో 10 శాతం తగ్గిస్తానంటే, రైతులు 25 శాతం తగ్గించాలన్నారు. బాయ్‌కాట్ ఖాళీ చేయించే నోటీసులకు దిగాడు. సరిగ్గా అప్పుడే, సెప్టెంబరు 19న, ల్యాండ్ లీగ్ అధ్యక్షుడు పార్నెల్ ఎన్నిస్ పట్టణ సభలో ఒక దారి చూపాడు. వెళ్లగొట్టిన రైతు భూమిని మరొకడు కౌలుకు తీసుకుంటే వాణ్ని కొట్టొద్దు, చంపొద్దు, దారిలో గానీ అంగట్లో గానీ పలకరించకుండా ఒంటరిని చేయండి అన్నది ఆ మాటల సారాంశం. కొద్ది రోజుల్లోనే మేయో రైతులు దాన్ని ఏజెంటు మీదే ప్రయోగించారు. పాలేర్లు పొలం వదిలి వెళ్లిపోయారు. కమ్మరి గుర్రాలకు నాడాలు కొట్టనన్నాడు, చాకలావిడ బట్టలు ఉతకనంది, బాలిన్‌రోబ్ దుకాణదారులు సరుకులు ఇవ్వలేదు. చివరికి పంట తీయడానికి ఐర్లండ్ ఉత్తర కౌంటీల నుంచి సుమారు 50 మంది ఆరెంజ్ సంఘీయులు (బ్రిటిష్ పాలనను సమర్థించే ప్రొటెస్టెంట్లు) రావాల్సి వచ్చింది, వారికి కాపలాగా వందల మంది సైనికులు వచ్చారు. సుమారు 500 పౌండ్ల పంటకు 10,000 పౌండ్లకు పైగా ఖర్చయిందని అప్పటి లెక్క. ఉద్యమాన్ని గెలిపించింది ఈ లెక్కే అనాలి. శ్రమకు అసలు ధర ఎంతో, అది ఆగిపోయినప్పుడు గానీ పాలకులకు తెలియలేదు.

నవంబరు చివర్లో బాయ్‌కాట్ దంపతులు సైనిక రక్షణలో క్లేర్‌మోరిస్ చేరి డబ్లిన్ రైలెక్కారు.    డబ్లిన్ హోటల్లోనూ ఉండనివ్వకపోవడంతో బాయ్‌కాట్ డిసెంబరు మొదట్లో ఇంగ్లండు వెళ్లిపోయాడు. అప్పటికే అతని పేరు క్రియగా మారిపోయింది. అమెరికన్ విలేకరి జేమ్స్ రెడ్‌పాత్ చెప్పిన కథనం ప్రకారం ఆ ఘనత ఫాదర్ జాన్ ఒమాలీది. ఆస్ట్రసిజం అంటే రైతులకు అర్థం కాదు, ఏజెంటు పేరే క్రియగా వాడదామని ఆయన సూచించాడట. ఈ ఎంపిక కేవలం సౌకర్యం కోసం జరిగిందనుకోలేం. ఆస్ట్రసిజం ప్రాచీన ఏథెన్స్ రాజ్యాంగపు పద్ధతి. పౌరులు కుండపెంకుల మీద పేరు రాసి, కనీసం 6,000 ఓట్లు పడితే ఒక ప్రముఖుణ్ని పదేళ్లు నగరం నుంచి పంపేసేవారు. ఎంబార్గో ప్రభుత్వం విధించే వాణిజ్య నిషేధం, ఆంక్షలూ రాజ్యాల పనిముట్లే. మేయోలో రైతుల చేతిలో రాజ్యం లేదు, ఓటూ దాదాపు లేదు. ఉన్నది వారి పని మాత్రమే. పాత మాటలేవీ అక్కడ అతకలేదు కాబట్టే కొత్త మాట అవసరమైంది. అది త్వరలోనే ఫ్రెంచి, జర్మన్ భాషల్లోకీ వెళ్లింది.

భారతదేశంలో ఈ మాటకు రాజకీయ బలం వచ్చింది 1905 ఆగస్టు 7న, బెంగాల్ విభజనకు వ్యతిరేకంగా కలకత్తా టౌన్ హాల్ సభ విదేశీ సరుకుల బహిష్కరణ తీర్మానం చేసినప్పుడు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి, బెజవాడ, మచిలీపట్నం తిరిగి ఉపన్యసించడంతో అది ఆంధ్రదేశమంతా పాకింది. 1921లో చీరాల, పేరాల ప్రజలు మరో అడుగు వేశారు. పురపాలక సంఘం పేరుతో పన్నులు పెంచితే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో పట్టణాన్నే వదిలి రామనగర్ పేరుతో పాకల్లో నెలల తరబడి గడిపారు. అయితే మేయోకు అసలు దగ్గరి బంధువు కోస్తాలో లేదు, తెలంగాణలో ఉంది. 1978లో జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల రైతు కూలీ సంఘాలు వెట్టికీ భూ ఆక్రమణలకూ వ్యతిరేకంగా దొరలను సాంఘికంగా బహిష్కరించాయి. చాకలి బట్టలు ముట్టలేదు, మంగలి గడప తొక్కలేదు, జీతగాళ్లు పనిలోకి పోలేదు. సెప్టెంబరులో రైతు కూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అక్టోబరులో ప్రభుత్వం ఆ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. తొంభై ఎనిమిదేళ్ల ఎడంతో, ఒకరినొకరు ఎరగని రెండు పల్లెసీమలు ఒకే పద్ధతికి వచ్చాయి. భూస్వామి ఇంటి రోజువారీ బతుకు ఎవరి చేతుల మీద నడుస్తుందో రెండు చోట్లా ఆ చేతులవారే గుర్తించడం దీనికి కారణం.

తెలంగాణ రైతుకు ఈ పద్ధతి తెలియడానికి మరో కారణమూ ఉంది, అది కటువైనది. ఊళ్లో నిప్పూ నీళ్లూ పుట్టనివ్వకపోవడం కులపెద్దలు తరతరాలుగా వాడిన శిక్ష. వెలి అన్నది దాని పేరు. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో దళితులను ఊచకోత కోయడానికి ముందు వారాల్లో, వారికి పనులు లేకుండా చేసిన సాంఘిక బహిష్కరణ నడిచింది. ఇక్కడే గట్టి ఆక్షేపణ ఎదురవుతుంది. పద్ధతి ఒకటే అయినప్పుడు దొర మీద వాడితే న్యాయమూ, దళితుడి మీద వాడితే నేరమూ ఎలా అవుతుందని? పైగా మేయోలోనూ బెదిరింపులు లేకపోలేదు. నోటీసులిచ్చే మనిషి మీద రాళ్లు పడ్డాయి, బాయ్‌కాట్‌కు పని చేయాలనుకున్నవారు భయపడ్డారు. స్వదేశీ కాలంలో చవక విదేశీ వస్త్రం మానమంటే ఆ భారం పేదల మీద పడిందన్న రవీంద్రుడి విమర్శ 1916 నాటి ఘరే బాయిరే నవలలో కనిపిస్తుంది. ఇవన్నీ నిజాలే. ఒంటరితనం ఎవరికైనా హింసే, సమూహం చేసే ఒత్తిడిలో బలవంతం ఎప్పుడూ కొంత ఉంటుంది. అందుకే పేదవాడు చేసిన ప్రతి బహిష్కరణా ధర్మమేనని చెప్పడం కుదరదు. కానీ తేడా చెరిగిపోదు. కౌలు తగ్గిస్తే బాయ్‌కాట్ మీద పట్టు అదే రోజు సడలేది. వెట్టి మానిపిస్తే దొర ఇంటికి చాకలి తిరిగి వచ్చేవాడు. చుండూరు దళితుడు ఏం మార్చుకుంటే పని దొరికేది? తలవంచడం తప్ప అతనికి వేరే దారి మిగల్చలేదు. ఇంకొకటి, దొరకు డబ్బుంది, పోలీసులున్నారు, బాయ్‌కాట్‌కు ఇంగ్లండు పోయే ఓడ ఉంది. కూలికి రేపటి గింజలు లేవు. పని ఆపిన వాడు తానే పస్తులుండటం ఒక రకం, ఎదుటివాణ్ని పస్తులు పెట్టడం మరో రకం.

ఈ తేడాను చట్టం దృష్టికి తెచ్చినవారిలో ముఖ్యుడు అంబేద్కర్. సాంఘిక బహిష్కరణను అస్పృశ్యులపై అన్నిటికన్నా భయంకరమైన ఆయుధంగా ఆయన చూశాడు. రౌండ్ టేబుల్ సమావేశ కాలంలోనే, 1922 నాటి బర్మా బహిష్కరణ నిరోధక చట్టాన్ని ఉదాహరణగా చూపి శిక్షా నిబంధనలు కోరాడు. చాలాకాలానికి, 2015లో అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ ఎస్సీ, ఎస్టీలపై సాంఘిక, ఆర్థిక బహిష్కరణను ప్రత్యేక నేరంగా చేర్చింది. ఆ నిబంధన నేరంగా చూసేది పని మానడాన్ని కాదు, ఎవరి మీద, ఎవరు ఆ పని చేస్తున్నారన్నదాన్ని. బలహీనులు తమ పనినే ఆయుధం చేసుకునే మరో వైపు మళ్లీ ఐర్లండ్‌లోనే కనిపిస్తుంది. 1984లో డబ్లిన్‌లోని డన్స్ దుకాణంలో మేరీ మానింగ్ అనే ఉద్యోగిని, వర్ణవివక్ష ఉన్న దక్షిణాఫ్రికా పండ్లకు బిల్లు కొట్టనంది. ఆమెను సస్పెండ్ చేయగా తోటి ఉద్యోగులు సమ్మెకు దిగారు. జీతాలు పోగొట్టుకుని రెండున్నరేళ్లకు పైగా నిలబడ్డారు. 1987లో ఐరిష్ ప్రభుత్వం దక్షిణాఫ్రికా పండ్లు, కూరగాయల దిగుమతిని నిషేధించింది.