నంబరు లేని భాష

మా డిగ్రీ రోజుల్లో పాఠాలకి నంబర్లు ఉండేవి కావు. పార్టు ఒకటి ఇంగ్లీషు, పార్టు రెండు తెలుగు, పార్టు మూడు గ్రూపు సబ్జెక్టులు. "ఫైనలియర్ పేపర్ ఫోర్ పోయింది" అంటే ఊరందరికీ అర్థమైపోయేది. అందుకే మా అమ్మాయి నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ సింగపూర్‌లో చేరి, "నాన్నా, సి.ఎస్. 1010 ఎస్ దొరికింది" అన్నప్పుడు ఏదో బస్సు నంబరనుకున్నాను.

విడదీసి చూస్తే తేలికే. ముందరి అక్షరాలు శాఖవి. మొదటి అంకె మెట్టు: 1 ప్రవేశం, 4 ఆనర్స్ స్థాయి, 5, 6 పైచదువులవి. చివరి అక్షరం ఎవరి కోసమో చెబుతుంది: ప్రోగ్రామింగు ఇంజనీరింగు వాళ్ళకి 1010 ఇ, సైన్సు వాళ్ళకి 1010 ఎస్. అలాగని మెట్టు శిలాశాసనమేమీ కాదు. ఎం.ఏ. 1101 ఆర్‌గా ఉన్న లీనియర్ ఆల్జీబ్రా 2021లో ఎం.ఏ. 2001 అయి కూర్చుంది!

ఇక్కడా మొదట దొరల పద్ధతే, ఏడాదంతా చదువు, చివర పరీక్ష. 1905 నాటి వైద్య కళాశాల, 1928లో మొదలైన రాఫెల్స్ కాలేజీ కలిసి 1949లో మలయా విశ్వవిద్యాలయమయ్యాయి. దాని సింగపూర్ శాఖే 1962లో సింగపూర్ విశ్వవిద్యాలయం. మరోపక్క 1950లలో రిక్షా తొక్కేవాళ్ళు సైతం చందాలిచ్చి నిలబెట్టుకున్న చైనీస్ మాధ్యమపు నన్యాంగ్ విశ్వవిద్యాలయం. 1980లో రెంటినీ కలిపేశారు. మిగిలింది ఇంగ్లీషు మాధ్యమం. అంత చందా పోగుచేసుకున్న భాషకే ఆ గతి పట్టింది.

1990లలో అమెరికా తరహా మాడ్యూళ్ళు, క్రెడిట్లు వచ్చాయి. పిల్లలు శాఖలు దాటి పాఠాలు ఏరుకుంటుంటే ఏది ముందో ఏది తర్వాతో నంబరే చెప్పాలి కదా! అమెరికాలో 101 అన్న అంకె 1929 నాటి బఫెలో విశ్వవిద్యాలయం పట్టికలోనే ఉందట.

ఒక సాయంత్రం ఇద్దరం కలిసి భాషల పట్టిక చూశాం. ఎల్.ఏ.హెచ్. హిందీ, ఎల్.ఏ.ఎల్. తమిళం, ఎల్.ఏ.టి. థాయ్.

"మనది?" అన్నాను.

"లేదు నాన్నా."

ఇక్కడి బళ్ళలోనూ తమిళం కాక అనుమతి ఉన్న భారతీయ భాషలు హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ. మా పిల్ల బడిలో చదివింది హిందీయే. అమెరికాలో బర్క్‌లీలోనైతే తెలుగు 1ఏ అని ఉంది.

చివరికి ఎల్.ఏ.ఎల్. 1201 తీసుకుంది. ఇప్పుడు టెక్కా మార్కెట్‌కి వెళ్తే తమిళ బోర్డులు నాకు చదివి పెడుతోంది.