ప్రక్షేపక చలన సమస్యల సాధన

గాలిలోకి విసిరిన తర్వాత గురుత్వ బలం మాత్రమే పనిచేస్తున్నట్లు భావించదగిన వస్తువును ప్రక్షేపకం అంటారు. 1638లో లైడెన్‌లో అచ్చయిన తన గ్రంథంలో గెలీలియో, క్షితిజ సమాంతరంగా స్థిర వేగంతోనూ, నిలువుగా స్థిర త్వరణంతోనూ ఏకకాలంలో కదిలే వస్తువు మార్గం పరావలయమని నిరూపించాడు. విశ్వవిద్యాలయ తొలి సంవత్సర భౌతికశాస్త్రంలో ఈ సమస్యల సాధనకు ఆధారం ఈ విభజనే.

సాధనా క్రమం

ముందుగా మూలబిందువును, ధన దిశలను నిర్ణయించి, తొలి వేగాన్ని రెండు అంశాలుగా విడదీయాలి. వేగాన్ని ప్రక్షిప్త కోణపు కొసైన్‌తో గుణిస్తే క్షితిజ సమాంతర అంశం, సైన్‌తో గుణిస్తే నిలువు అంశం వస్తాయి. మొదటిది చివరిదాకా మారదు. రెండవది గురుత్వ త్వరణం వల్ల సెకనుకు సుమారు 9.8 మీటర్లు/సెకను చొప్పున కిందిదిశగా మారుతుంది. ఈ రెండు చలనాలకూ ఉమ్మడి రాశి కాలం ఒక్కటే కనుక, ఒక దిశలో కాలాన్ని కనుగొని రెండవ దిశలో ప్రతిక్షేపించడమే సాధనకు కీలకం.

ఉదాహరణ

15 మీటర్ల ఎత్తున్న మేడ అంచు నుంచి ఒక బంతిని 30 డిగ్రీల కోణంలో పైకి, 20 మీటర్లు/సెకను వడితో విసిరారనుకుంటే, గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకున్నప్పుడు నిలువు అంశం 10, క్షితిజ సమాంతర అంశం 17.3 మీటర్లు/సెకను అవుతాయి. నేలను చేరేసరికి నిలువు స్థానభ్రంశం రుణ 15 మీటర్లు కాబట్టి, కాలానికి లభించే వర్గ సమీకరణానికి 3, రుణ 1 అనే మూలాలు వస్తాయి. బంతి 3 సెకన్లలో, మేడ అడుగు నుంచి సుమారు 52 మీటర్ల దూరంలో పడుతుంది. రుణ మూలం అర్థంలేనిది కాదు: అదే పరావలయం మీదుగా బంతి నేల నుంచే బయలుదేరి ఉంటే, మేడ అంచును దాటడానికి 1 సెకను ముందు నేలమీద ఉండేదని అది తెలుపుతుంది. నేలను తాకేటప్పుడు నిలువు వేగం కిందికి 20 కనుక మొత్తం వడి సుమారు 26.5 మీటర్లు/సెకను, శక్తి నిత్యత్వ నియమంతో లెక్కించినా ఇదే విలువ రావడం సమాధానాన్ని ధ్రువపరుస్తుంది.

సాధారణ దోషాలు

వడి వర్గాన్ని రెట్టింపు కోణపు సైన్‌తో గుణించి గురుత్వ త్వరణంతో భాగించే వ్యాప్తి సూత్రం, బయలుదేరిన మట్టానికే వస్తువు తిరిగి చేరినప్పుడు మాత్రమే వర్తిస్తుంది. పై సమస్యకు దాన్ని వాడితే 34.6 మీటర్లనే తప్పు సమాధానం వస్తుంది. గరిష్ఠ వ్యాప్తికి 45 డిగ్రీలన్న నియమానికీ ఇదే పరిమితి ఉంది. ఈ మేడ నుంచి అదే వడితో అత్యధిక దూరం చేరడానికి తగిన కోణం సుమారు 37 డిగ్రీలు. అత్యున్నత బిందువు వద్ద వేగమంతా శూన్యమవుతుందనుకోవడం మరొక దోషం. అక్కడ శూన్యమయ్యేది నిలువు అంశం మాత్రమే, త్వరణం యథాతథంగా ఉంటుంది. కనుక సిద్ధ సూత్రాలను కంఠస్థం చేయడం కంటే, ప్రతి సమస్యనూ రెండు దిశల సమీకరణాల నుంచి మొదలుపెట్టడమే నమ్మదగిన మార్గం.