ధనుష్కోటి: రేవు, పల్లె – ఒక చారిత్రక పరిశీలన

పాంబన్ ద్వీపం ఆగ్నేయపు కొసన, బంగాళాఖాతానికీ మన్నారు సింధుశాఖకూ నడుమ చొచ్చుకొని పోయిన సన్నని ఇసుకతిన్నె మీద ధనుష్కోటి ఉంది. కాశీ రామేశ్వర యాత్ర చేసే తెలుగువారికి ఈ పేరు కొత్తది కాదు. సేతువు ఇసుకను కాశీకి కొనిపోయి గంగలో కలపడం, గంగాజలం తెచ్చి రామనాథస్వామికి అభిషేకించడం ఆ యాత్రలో భాగం. అయితే ఈ ఊరి ప్రస్తావన సాధారణంగా 1964 తుఫానుతో మొదలై దానితోనే ముగుస్తుంది. అంతకు ముందు అక్కడ ఏర్పడిన వసతులు ఎవరి కోసం ఏర్పడ్డాయన్నది పరిశీలిస్తే తప్ప తరువాతి చరిత్ర బోధపడదు.

పూర్వం మద్రాసు నుంచి కొలంబో వెళ్లేవారు రైలులో తూత్తుకుడి చేరి అక్కడ స్టీమరు ఎక్కేవారు. 1914లో పాంబన్ వంతెన ప్రారంభం కావడంతో దారి మారింది. రైలు ధనుష్కోటి రేవు దాకా వచ్చేది. అక్కడి నుంచి సుమారు 35 కిలోమీటర్ల సముద్రం దాటితే తలైమన్నారు. ఆవల మళ్లీ రైలు. ‘బోట్ మెయిల్’ అన్న పేరు ఈ ఏర్పాటు వల్ల వచ్చినదే. రైల్వే స్టేషను, సుంకాల కార్యాలయం, తపాలా కార్యాలయం, పగడపు రాతితో కట్టిన చర్చి – ఇవన్నీ ఆ తిన్నె మీద ఉండేవి. ఇంత చిన్న ఊరికి ఇన్ని హంగులు అమరడానికి ప్రధాన కారణం ఊరి జనం కాదు, దారిన పోయే జనం. తరతరాలుగా అక్కడ వలలు వేస్తున్న మత్స్యకారుల పాకలు ఈ హంగుల పక్కనే ఉన్నా వాటి లెక్కలోకి రాలేదు.

1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన ఉప్పెనలో పాంబన్ నుంచి బయలుదేరిన 653 నంబరు ప్యాసింజరు రైలు ధనుష్కోటి చేరువలో కొట్టుకుపోయింది. అందులోని వంద మందికి పైగా ప్రయాణికులలో ఒక్కరూ బతకలేదు. ప్రభుత్వం ధనుష్కోటి నివాసయోగ్యం కాదని ప్రకటించింది. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టడం సులభం కాదు. రెండు సముద్రాల నడుమ ఆ ఇసుకకు నిలకడ లేదు. కానీ అదే తుఫానులో దెబ్బతిన్న పాంబన్ వంతెనను ఇ. శ్రీధరన్ ఆధ్వర్యంలో 46 రోజులలో బాగుచేశారు. రైలు రామేశ్వరం దాకా తిరిగి నడిచింది, లంక స్టీమరు కూడా అక్కడి నుంచే సాగింది. ధనుష్కోటికి మాత్రం పట్టాలు మళ్లీ పడలేదు. రేవు అవసరం రామేశ్వరంలో తీరినప్పుడు, ధనుష్కోటిని పునరుద్ధరించవలసిన కారణం పాలకులకు కనిపించలేదనే అనుకోవాలి.

మత్స్యకారులు తిరిగి వచ్చారు. వారి స్త్రీలు ఇసుకలో చేతులతో చెలమలు తవ్వి, పైపైన ఊరే మంచినీటిని ముంతలతో తోడుకునేవారు. ఉప్పు తగలగానే ఆ చెలమ వదిలి మరొకటి తవ్వాలి. 2017లో అరిచల్‌మునై దాకా తారురోడ్డు వచ్చింది, దానితో పాటు సందర్శకులూ వచ్చారు. వారు చూడవచ్చేది కప్పులేని చర్చిని, స్టేషను మొండిగోడలను. ఆ గోడల దాపున గవ్వలు, శంఖాలు అమ్మే పాకలు మాత్రం మత్స్యకార కుటుంబాలవి.