తిన్నావా నాయనా అని నాలుగోసారి

పోయిన శుక్రవారం ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన కథ ఇది.

ఏడాదిగా మా అమ్మ ఒకే కాల్‌లో "తిన్నావా నాయనా" అని నాలుగుసార్లు అడుగుతోంది. ప్రేమ అనుకున్నా. ఆ తర్వాత కోడలు తన కమ్మలు తీసిందని ఏడ్చింది. నేను ఇక్కడ కువైట్‌లో కూర్చుని మా ఇంటామెను అనరాని మాటలన్నా. కమ్మలు బియ్యం డబ్బాలో దొరికాయి. అప్పుడు మొదలుపెట్టా ఈ జబ్బు గురించి చదవడం.

1901 నవంబరులో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలలో ఆగస్టె డేటర్ అనే ఆమెను చేర్చారు. వయసు 51. భర్త రైల్వే ఉద్యోగి. ఇంట్లోవాళ్లు ముందు గమనించింది మతిమరుపు కాదు, అనుమానం! భర్తకు వేరే ఆడమనిషితో సంబంధం ఉందని గొడవ. తర్వాతే మరుపు, వంటలో తప్పులు, వస్తువులు దాచిపెట్టడం. ఇది చదివినప్పుడు నాకు కమ్మలే గుర్తొచ్చాయి. డాక్టర్ అలోయిస్ ఆల్జీమర్ ఆమె ఎదురుగా కూర్చుని ప్రతి ప్రశ్న, ప్రతి జవాబు రాసుకున్నాడు. పేరడిగితే ఆగస్టె అంది. భర్త పేరడిగినా ఆగస్టె అనే అంది. 1906లో ఆమె చనిపోయాక మెదడును మైక్రోస్కోపులో చూస్తే కణాల్లో చిక్కుపడ్డ పోగులు, వాటి మధ్య మచ్చలు కనిపించాయి. ఆ ఏడే ట్యూబింగెన్ సభలో ఈ సంగతి చెప్తే ఎవరూ ఒక్క ప్రశ్న కూడా వేయలేదట. 1910లో క్రేపెలిన్ తన పాఠ్యపుస్తకంలో ఈ జబ్బుకు ఆల్జీమర్ పేరు పెట్టాడు.

1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి 30 మార్కుల చిన్న పరీక్ష తయారుచేశారు. ఈరోజు తేదీ ఎంత, 100లోంచి 7 తీసేస్తూ పో, ఒక వాక్యం రాయి... ఇలా. మరి బడి మొహం చూడని మా అమ్మలాంటోళ్లు? జబ్బు లేకపోయినా తప్పుతారు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో పనిచేసిన పరిశోధకులు 1990ల్లో దీన్ని హిందీలోకి మార్చారు. 20లోంచి 3 తీసేయమన్నారు. వాక్యం రాయమనే బదులు మీ ఇంటి గురించి ఏదైనా చెప్పమన్నారు. నాకు బాగా నచ్చిన మార్పు ఇదే.

మన హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను చూసి 2013లో ఒక పరిశోధన వేశారు. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందట, చదువు రానివాళ్లలో కూడా. ఇక్కడ అరబ్బీ, హిందీ, మలయాళం కలిపి కొట్టే మనకు కాస్త ఊరటే గానీ, అది టీకా మాత్రం కాదు.

ఇంకో ముఖ్యమైన మాట. మరుపంతా ఆల్జీమర్ కాదు. బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా వచ్చినా, మనసు కుంగినా మరుపొస్తుంది. వాటికి మందుంది. "ముసలితనం లే" అని వదిలేస్తే ఆ మందు కూడా అందదు.

ముందు మా ఇంటామెకు క్షమాపణ చెప్పా. రెండు రోజులు మాట్లాడలేదు, తప్పు నాదే కదా. తర్వాత అమ్మ ఎప్పుడు ఏం మర్చిపోయిందో నోటుబుక్కులో రాసి తీసుకెళ్లింది. డాక్టరుకు అమ్మ మాటల కంటే ఆ పుస్తకమే ఎక్కువ పనికొచ్చిందట. రక్తంలో బి12 బాగా తక్కువుంది, సూదులు మొదలుపెట్టారు. మూడు నెలలయ్యాక మళ్లీ పరీక్ష. అంతవరకు నా దగ్గరా ఒక నోటుబుక్కు ఉంది, అమ్మ కాల్ చేసినప్పుడల్లా గీతలు పెడుతున్నా. నిన్న మూడు.