గడ్డిజాతి విత్తనాల మొలకశక్తి

మొలకశక్తి అనగా నిల్వచేసిన గింజ తిరిగి మొలకెత్తగల సామర్థ్యము. వరి, చోడి (రాగి), గినీ గడ్డి వంటి పశుగ్రాసాలు అన్నీ గడ్డి కుటుంబానికి (పోయేసీ) చెందినవే. శ్రీకాకుళం జిల్లాలోని కోటబొమ్మాళి వంటి, సముద్రతీరానికి చేరువగా ఉన్న ప్రాంతాలలో గాలిలో తేమ ఎక్కువ. అందువలన ఇక్కడ సరిగా ఆరని పాత విత్తనము త్వరగా చెడుతుంది.

నిల్వ

విత్తనానికి వయసు కంటే తేమ, వేడి ఎక్కువ హాని చేస్తాయి. హారింగ్టన్ సూత్రము ప్రకారము గింజలో తేమ 1 శాతం తగ్గినా, నిల్వ ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ తగ్గినా విత్తన జీవితకాలము సుమారు రెట్టింపవుతుంది. నిల్వకు ముందు వరిలో తేమ 13 శాతము, చోడిలో 12 శాతము మించకుండా ఆరబెట్టాలి.

పాతదైనంత మాత్రాన విత్తనము పనికిరానిదని చెప్పలేము. గినీ గడ్డి కొత్త గింజలకు నిద్రావస్థ ఉంటుంది. అవి కొన్ని నెలలు నిల్వ ఉన్న తరువాతే బాగా మొలుస్తాయి.

మొలక పరీక్ష

చూపుకు బాగున్న గింజలు, నీట మునిగిన గట్టి గింజలు కూడా మొలవకపోవచ్చు. కనుక విత్తే ముందు పరీక్షించాలి.

* బస్తాలో పలుచోట్ల నుండి 100 గింజలు తీయాలి.
* తడిగుడ్డపై వరుసలుగా పేర్చి, చుట్టి, ఆరిపోకుండా నీడలో ఉంచాలి.
* వరిని 14, చోడిని 8 రోజుల వరకు చూడాలి.
* వేరు, మొలక రెండూ సక్రమంగా వచ్చినవాటినే లెక్కించాలి.

ఫలితము

ధ్రువీకృత విత్తనానికి కనీస మొలక శాతము వరిలో 80, చోడిలో 75. వరిలో 64 మాత్రమే వస్తే విత్తన మోతాదును నాలుగవ వంతు పెంచాలి. సగానికి పడిపోతే విత్తకపోవడమే మేలు. మొలిచిన మొక్కలు కూడా బలహీనంగా ఉంటాయి, మళ్ళీ విత్తేలోగా అదును దాటిపోతుంది. మందు పట్టించిన విత్తనము మిగిలితే తిండికి గాని, పశువుల దాణాకు గాని వాడరాదు.